డీవీడీలో మిగిలిన మాట

మా పెద్దపిల్ల చనిపోయింది. కడుపులో పేగు పగిలి చీము పట్టిందన్నారు. గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషన్‌కి తీసుకెళ్లిన పిల్ల మళ్లీ ప్రాణంతో బయటికి రాలేదు. లోపలికి తీసుకెళ్లేముందు మంచినీళ్లు అడిగింది. చుక్క కూడా పోయొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. తడిగుడ్డతో పెదాలు తడిపాను. అంతే నేను చేసింది. మా సంఘంలో వాళ్లు ప్రభువులో నిద్రించింది అంటున్నారు. మంచి మాటే. కానీ నిద్రపోయే పిల్లని చిన్నప్పటినుంచీ చూసినదాన్ని, అది అలా ఉండదు. అందుకే చనిపోయిందనే రాస్తున్నాను.

చదివేవాళ్లలో చాలామందికి మా పిల్ల ఎవరో తెలియదు. దర్శి దగ్గర మా ఊళ్లో, చర్చిలో పాట ఎత్తుకునేది అదే. చేలోనూ అదే. మిరపకాయల కోతకి వెళ్తే పక్క సాళ్లలో ఆడవాళ్లు, "ఏమే, ఇవాళ నోరు పడిపోయిందా? ఎత్తుకోవే!" అని కేకలేసేవాళ్లు. కల్లంలో ఎండిన మిరపలోంచి తాలుకాయలు ఏరేటప్పుడు ఘాటుకి మేమంతా తుమ్మి తుమ్మి చస్తుంటే, అది ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ గుడ్డలోంచే పాడేది. "గొంతు కూడా చేతుల్లాంటిదే అమ్మా. పని చెప్పకపోతే బిగుసుకుపోద్ది" అనేది.

నాకు పాట రాదు. నలుగురిలో శ్రుతి తప్పుతానని సిగ్గుపడి చర్చిలో ఊరికే పెదాలు కదిపేదాన్ని. అది కనిపెట్టేసేది. మోచేత్తో పొడిచి, "తప్పు పాడినా దేవుడు వింటాడు. ఉత్తి నోరు కదిపితే ఆయన మాత్రం ఏం చేస్తాడే?" అనేది. నాకు నవ్వొచ్చేది. పాస్టరుగారు మా వైపు చూసేవారు.

పాట మొదలుపెట్టేముందు దానికి నీళ్లు కావాలి. చర్చి కిటికీ గూట్లో దానికోసం ఒక స్టీలు గ్లాసు ఉండేది. వేరేవాళ్లు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. ఒక గుక్క తాగి, చేత్తో మూతి తుడుచుకుని, అప్పుడు ఎత్తుకునేది. ఆ గ్లాసు ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

పోయిన కొన్నాళ్లకి నాకొక భయం పట్టుకుంది. ముఖం ఫోటోలో ఉంది, దానికేం కాదు. గొంతు మరుపొస్తోంది. కళ్లు మూసుకుని దాని పాట గుర్తు చేసుకుందామంటే వేరేవాళ్ల గొంతులు వస్తున్నాయి. మా ఆయనతో చెబితే, "నాకూ అంతే" అన్నాడు. పిల్ల పోయాక ఆయన దాని ఊసెత్తటం అదే మొదలు.

జ్ఞాపకార్థ కూడిక దగ్గరికొచ్చింది. ఆ రోజు దాని పాట దాని గొంతుతోనే వినిపించాలని నా ఆశ. పోయిన చలికాలంలో మా చర్చిలోనే జరిగిన మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో, ప్రమాణాలకి ముందు అది మైకులో పాడింది. ఆ పెళ్లి డీవీడీ ఆడపడుచు దగ్గర ఉంది. మా ఇంట్లో టీవీ లేదు, సీడీలు పాడే సెట్టొకటి ఉంది, అదీ మా పిల్ల కొన్నదే. వాళ్లింటికెళ్లి చూద్దాం చూద్దాం అనుకుంటూనే పత్తి తీతలు వచ్చాయి, ఆ తర్వాత ఇది వచ్చిపడింది. ఇప్పుడు బొమ్మ చూసే ధైర్యం లేదు. బొమ్మ వదిలేసి పాట ఒక్కటే సీడీ చేయించుకుందామని, ఆ డీవీడీ అడిగి తెచ్చుకుని, పెళ్లికి వీడియో తీసిన అబ్బాయి షాపుకి ఇద్దరం దర్శి వెళ్లాం.

"అదెంత పని పిన్నీ! డీవీడీలోంచి ఆడియో వేరుచేసి సీడీలో ఎక్కించటమేగా. కూర్చోండి" అన్నాడు ఆ అబ్బాయి. కంప్యూటర్లో పెట్టాడు. నేను తల దించుకుని కూర్చున్నాను.

పాట వచ్చింది. వీణ, తబలా, తీగలాంటి గొంతు. ఎంతో బాగుంది. మాది కాదు.

"ఇది మా పిల్ల పాట కాదు నాయనా."

మా వైపు పెళ్లి వీడియోల్లో అసలు మాటలు ఉంచరు, పైన పాటలు వేస్తారు. అది నాకు తెలుసు. చర్చిలో పాడిన పాట కదా, దాన్ని ఉంచుంటాడనుకున్నాను. మా ఆయనకి కోపం ఆగలేదు. "ఎవడు తీసెయ్యమన్నాడయ్యా నిన్ను? పిల్ల పాడుతుంటే దాని గొంతు నొక్కేసి ఎవరిదో పెడతావా?"

"అమ్మాయే చెప్పింది బాబాయ్" అన్నాడు అతను. "పెళ్లయ్యాక షాపుకొచ్చింది. అన్నా, ఆ రోజు నాకు జలుబు, గొంతు కప్పలా ఉంది, అందరూ చూసే డీవీడీ, పరువు పోద్ది, పైన మంచి పాట వేసెయ్యి అంది. ఈసారి నేను బాగా పాడినప్పుడు తియ్యిలే అని నవ్వింది."

"తీసిన క్యాసెట్టు ఉంటదిగా?"

"దానిమీద వేరే పెళ్లి తీసేశాం పిన్నీ. మేం దాచం."

అప్పుడు తలెత్తి చూశాను. తెరమీద మా పిల్ల నోరు కదుపుతోంది. కళ్లు మూసుకుని, మెడ నరం బిగించి, మనసుపెట్టి పాడుతోంది. వినబడేది ఎవరో.

మేం లేవబోతుంటే అతను ఆగమన్నాడు. వెనక్కీ ముందుకీ తిప్పి వెతికాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పైన వేసిన పాట మొదలయ్యేలోపు కాస్త అసలు చప్పుడు మిగిలిపోయిందట. సౌండు పెంచాడు. బెంచీ జరిపిన చప్పుడు. ఎవరి పిల్లో ఏడుపు. ఆ తర్వాత జలుబు చేసిన గొంతు, పక్కనే ఉన్నట్టు:

"అమ్మా, గొంతారిపోతోంది. కాసిని మంచినీళ్లియ్యవే."

"ఉండవే, తెస్తున్నా." అది నేను.

ఆసుపత్రి మంచం మీదా ఇదే మాట, ఇలాగే అడిగింది.

"ఇంతే ఉంది పిన్నీ. తర్వాత వచ్చే పాట ఉంచనా?" అన్నాడు అతను.

"ఆ పాట మాకొద్దు నాయనా. కోసెయ్యి."

కూడికలో ఆ సీడీ పెట్టలేదు. అందరూ పాడారు. నేను గొంతెత్తి పాడాను, శ్రుతి తప్పింది, ఆపలేదు.

పెళ్లిరోజు నేను నీళ్లు తెచ్చాను. ఇది మీకు చెప్పాలి. గూట్లో గ్లాసు కడిగి, నింపి, దాని చేతికిచ్చాను. తాగింది, మూతి తుడుచుకుంది, పాడింది. సీడీలో అదేమీ లేదు. ఉండవే, తెస్తున్నా అన్న నా మాటతో అయిపోతుంది.

మొన్న మధ్యాహ్నం మా ఆయన చేలోనుంచి వచ్చి సీడీ పెట్టమన్నాడు. పెట్టాను. అది నీళ్లడిగింది. తెస్తున్నా అన్నాను. సీడీ ఆగిపోయింది. ఆయన లేచి, ఆ స్టీలు గ్లాసు తీసుకుని కుండలో ముంచాడు. నిండు గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చి నిలబడ్డాడు. నీళ్లు వేళ్ల మీదుగా కారి నేలమీద పడుతున్నాయి. ఎవరికివ్వాలో తెలియక నా వైపు చూశాడు.