బాపు కుర్చీకి బ్యాటరీలు

మా బాపు నడుముకు మోకు చుట్టుకుని, తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాక, మీట నొక్కితే లేపి నిలబెట్టే కరెంటు కుర్చీ కొన్నాం. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకనాడు కరెంటు పోయి, అది ఆయనను సగం లేపి ఆగిపోయింది.

కరెంటు లేనప్పుడు కుర్చీని నడిపే బ్యాటరీల కోసం, బంద్ అయినా కోరుట్ల నుంచి జగిత్యాలకు స్కూటీ మీద పోయాను. సగం దించిన షటర్ వెనుక నుంచి దుకాణాయన చెప్పాడు: "చిన్న బ్యాటరీలు ఒక్కసారి కిందికి దించుతయి, గంతే. పెద్దదైతే లేపుతది గూడ."

ఏది తేవాలని బాపుకు ఫోన్ చేశాను.

"లేపుడెందుకు బిడ్డా? ఎక్కినోడు పైలంగ దిగుతె సాలు."

ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఒళ్లు మండింది. అయినా చిన్నవే తెచ్చాను.

కరెంటు వచ్చాక బ్యాటరీలు బిగించి, బాపు కూర్చున్న కుర్చీని పైకి లేపి, ప్లగ్ పీకి, మీట నొక్కాను. అది మెల్లగా దిగుతుంటే, బాపు రెండు చేతులూ నడుము దగ్గర లేని మోకును గట్టిగా పట్టుకున్నాయి.