పై వరుసలో మొదటి కార్డు

మా ఆఫీసులో నా పని చోట్లు వెతకడం. పెద్ద కంపెనీలు తమ క్లయింట్లను పిలిచి విందులు, సమావేశాలు పెట్టుకుంటాయి. వాటికి హోటల్ హాళ్లు కాకుండా ఎవరూ ఊహించని చోటు చూపించాలి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మా బాస్ నా చదువు గురించి పెద్దగా అడగలేదు. నాది సంగారెడ్డి వైపు అని తెలిసి సంతోషించింది. ఆ వైపు పాడుబడ్డ చోట్లు చాలా ఉంటాయని ఎవరో చెప్పారట.

మొదట్లో కొండాపూర్ దగ్గర ఒక మామిడి తోట, రాళ్లు తీసి వదిలేసిన ఒక క్వారీ, మూతపడ్డ రైస్‌మిల్లు చూపించాను. మిల్లులో భోజనాలు పెట్టిన రోజు ఒక పెద్దమనిషి గోడల్లోంచి వచ్చే తవుడు వాసన పీల్చి, ఈ వాసన ఎలా తెప్పించారని నన్ను అడిగాడు. మేం తెప్పించలేదని చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాను. అలా నవ్వడం నాకు త్వరగానే వచ్చేసింది.

ఆ తర్వాత, ఫ్యాక్టరీల్లో కార్మికుల హాజరు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. తమ క్లయింట్లయిన ఫ్యాక్టరీ యజమానులందరినీ పిలిచి, నిజమైన పాత ఫ్యాక్టరీలో ఒక పూట కార్యక్రమం పెట్టాలని వాళ్ల కోరిక. మూడు చోట్లు చూపిస్తే మూడూ నచ్చలేదు. అప్పుడు మా బాస్, "మీ నాన్నగారు పనిచేసింది అటే కదా?" అంది.

మా నాయిన పాశమైలారం వెళ్లే దారిలో ఒక ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇసుకతో అచ్చులు కట్టేవాడు. అది మూతపడి చాలా ఏళ్లయింది. ఆయన ఇప్పుడు బీరంగూడలో ఒక హార్డ్‌వేర్ షాపులో కూర్చుంటున్నాడు. షెడ్డు మాత్రం అలాగే నిలబడి ఉంది. యజమాని ఒక్క ఫోన్‌తో ఒప్పుకున్నాడు.

షెడ్డు చూడటానికి నాయినను వెంట తీసుకెళ్లాను. నేల ఎక్కడ కుంగిందో, ఏ దూలం కింద మనుషుల్ని నిలబెట్టకూడదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన లోపలికి రాగానే చెప్పులు విడిచాడు. మేకులుంటాయని చెప్పినా వినలేదు. ఒక్కో చోట ఆగి, ఇక్కడ కొలిమి, ఇక్కడ అచ్చులు ఆరబెట్టేవాళ్లం అని చెప్పుకుంటూ నడిచాడు. నేను ఫొటోలు తీస్తూ సగం విన్నాను, సగం వినలేదు.

గేటు పక్క గదిలో హాజరు కార్డులు పెట్టే ఇనుప బోర్డు ఉంది. మూతపడిన నెల కార్డులు ఇంకా అరల్లోనే ఉన్నాయి. పక్కనే వచ్చిన టైము, పోయిన టైము కార్డు మీద ముద్ర వేసే పాత గడియారం మిషను. నాయిన పై వరుసలో మొదటి కార్డు తీసి, చొక్కాతో దుమ్ము తుడిచి, నాకు చూపించాడు. అది మిగతా వాటికంటే చాలా పాతది, పసుపుపచ్చగా మారిపోయింది.

అది ఆయనకు పని నేర్పిన మనిషిది. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నాయిన ఆయన్ని అన్నా అనే పిలిచేవాడు. ఒక రోజు పొద్దున కరిగిన ఇనుము మోసే కుండ గొలుసు తెగి ఆయన మీద పడింది. ఆ రోజు లోపలికి వచ్చినట్టు కార్డు మీద ముద్ర ఉంది. బయటికి పోయినట్టు ముద్ర వేయాల్సిన గడి ఖాళీ. నెల మారగానే పాత కార్డులు తీసేసేవాళ్లు కానీ, ఈ ఒక్కదాన్ని కార్మికులు తియ్యనివ్వలేదట. ఫ్యాక్టరీ మూతపడేదాకా అది ఆ అరలోనే ఉంది.

ఇంటికి తీసుకుపోదామన్నాను. నాయిన తల అడ్డంగా ఊపి, దాన్ని మళ్లీ అరలో పెట్టాడు.

"గీడనే ఉండనీ బిడ్డా. ఆయన బయటికి పోలే గద. దీన్ని ఎవలూ ముట్టకుంట జెర చెప్పు."

చెప్తానన్నాను. అలంకరణ చేసేవాళ్లకు ఒకసారి చెప్పాను కూడా, ఇంకెవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ మధ్యలో. వాళ్లు విన్నారో లేదో చూసుకోలేదు. కార్యక్రమానికి రెండు రోజుల ముందు వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పాత కార్డులకు రిబ్బన్లు కట్టి అతిథుల మెడలో వేస్తారట, గడియారం మిషను బాగుచేయించి అతిథులతోనే ముద్ర వేయిస్తారట. 'చాలా బాగుంది' అని జవాబిచ్చాను. పై వరుసలో మొదటి కార్డు నాకు గుర్తే రాలేదు.

కార్యక్రమం రోజు పదకొండింటికి కార్లు వచ్చాయి. గేటు దగ్గర ఒక్కొక్కరికి పచ్చ హెల్మెట్, మెడలో ఒక కార్డు. మిషను ముందు వరుస కట్టి, ఒక్కొక్కరు ముద్ర వేస్తుంటే మిగతావాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నాయిన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నేల సంగతి చూడటానికి నేనే రమ్మన్నాను. ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. కొలిమి ఉన్నచోట పూలతో స్టేజీ కట్టారు.

వరుసలో ముందున్న ఒక మందుల ఫ్యాక్టరీ యజమాని మెడలో ఆ పసుపుపచ్చ కార్డు ఉంది. నాకంటే ముందు నాయిన చూశాడు. గబగబా వెళ్లి, చేతులు కట్టుకుని, "సార్, గా కార్డు జెర నాకియ్యుండ్రి. ఇంకోటి తెచ్చిస్త" అన్నాడు.

ఆ యజమాని నవ్వుతూ కంపెనీ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నా వైపు తిరిగి, ఎవరాయన అని అడిగింది.

మా నాన్న అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"షెడ్డు చూసుకునే మనిషి మేడమ్."

నాయిన విన్నాడు. మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. సెక్యూరిటీ అతను వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించాడు. ఆ వెనకే మిషను టక్కుమంది. ఖాళీ గడిలో ముద్ర పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టాయని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

భోజనాలయ్యాక కార్డులు వెతికాను. అతిథులు కొందరు జేబులో వేసుకుపోయారు. మిగతావి ప్లేట్లతో కలిపి చెత్త బండిలో వేసేశారు, బండి వెళ్లిపోయింది. మర్నాడు నాయిన షాపుకు సెలవు పెట్టి, చెత్త పోసే చోటికి వెళ్లి మధ్యాహ్నం దాకా వెతికాడట. ఈ సంగతి అమ్మ చెప్పింది. ఆయన నాతో మాట్లాడలేదు.

ఆదివారం మాత్రం, బండి తియ్యి, వదినకు చెప్పి వద్దాం అన్నాడు. ఆ చనిపోయినాయన భార్య కూడా బీరంగూడలోనే, కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె మాకు మంచినీళ్లిచ్చి కూర్చుంది. నాయిన జరిగిందంతా చెప్పాడు. నా పేరు ఎక్కడా తేలేదు, ఫ్యాక్టరీలో ఏదో ఫంక్షన్ పెట్టిన్రు, కార్డు పోయింది అన్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

ఆమె నాయినతో అంది.

"అలాంటి కార్డు ఒకటి ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం తమ్ముడూ?"

ఇన్నేళ్లు కార్మికులంతా కలిసి దాన్ని కాపాడుకున్నారు, ఆమెకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

"ఎన్నింటికి లోపలికెళ్లినట్టు ఉంది దాని మీద?"

"అయిదూ యాభై ఒకటి, వదినా."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. ఆ పొద్దున తనతో గొడవపడి, పెట్టిన టిఫిను ముట్టకుండా అయిదున్నరకు ఇంట్లోంచి వెళ్లిపోయాడట. దారిలో హోటల్లో తిని ఉంటాడులే అని ఇన్నేళ్లూ అనుకుందట. పాత ఇంటి నుంచి ఫ్యాక్టరీకి నడక ఇరవై నిమిషాలు.

"అయితే ఎక్కడా ఆగలేదు. ఏమీ తినకుండానే వెళ్లాడు" అంది.

తిరిగొచ్చేటప్పుడు నాయిన బండి వెనక కూర్చుని నా భుజం పట్టుకోలేదు. వెనకున్న కడ్డీని పట్టుకున్నాడు.

ఆ కార్యక్రమం క్లయింట్లకు బాగా నచ్చింది. మా బాస్ ఆఫీసులో అందరి ముందు నన్ను మెచ్చుకుంది. షెడ్డును ఇంకో రెండు కంపెనీలు అడిగాయి, ఇచ్చాం. ఆ రెండుసార్లూ నేల సంగతి నేనే చెప్పాను, నాయిన దగ్గర విన్నది విన్నట్టు. ఉద్యోగం మానేస్తానని ఒకటి రెండుసార్లు ఇంట్లో అన్నాను. అమ్మ వద్దంది. నాయిన ఉండమనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు. ఇదివరకు నేను రాగానే, ఇయాళ ఏడికి పోయినవ్ బిడ్డా అని అడిగేవాడు. ఇప్పుడు తిన్నవా అని మాత్రం అడుగుతాడు.