పసిపిల్ల వచ్చే పూట మొరాయించిన బాయిలర్

మా ఆవిడ చేసే గోంగూర పచ్చడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఆ పచ్చడి మీద నేను దొంగ ఒట్టు వేయనని మా బంధువులందరికీ తెలుసు.

న్యూజెర్సీలో మాది పాతకాలపు ఇల్లు. బేస్‌మెంట్‌లో బీరువా అంత ఆయిల్ బాయిలర్ ఒకటుంది. నూనె మండించి నీళ్లు కాచి, గోడల వెంబడి గొట్టాల్లో తిప్పి ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది. కుళాయిలో వేడినీళ్లూ దాని పుణ్యమే.

ఆ జనవరిలో మా మరదలికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు కోసం తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉన్నారు. తల్లీబిడ్డా కూడా మా ఇంటికే రావాలి. ఓ తెల్లవారుజామున ఆస్పత్రి నుంచి కబురొచ్చింది, ఇవాళే పంపించేస్తున్నారని. మా ఆవిడ కారు తీస్తూ నాకు ఒకే పని అప్పజెప్పింది.

"గది వెచ్చగా ఉండాలి. పిల్ల బరువు తక్కువుంది, చలి తగలకూడదని డాక్టర్ మరీ మరీ చెప్పింది. కథలు చెప్తూ కూర్చోకు."

పదకొండింటికల్లా ఇల్లు చల్లబడిపోయింది. ఎంత చలంటే, ఉప్మా మీంచి లేచిన ఆవిరి బయటి చలికి జడిసి మళ్లీ ఉప్మాలోకే దూరింది. పరుగున కిందికి వెళ్లి చూస్తే బాయిలర్ ఉలకదు, పలకదు.

ట్యాంకులో నూనె సగానికి పైనే ఉంది. థర్మోస్టాట్‌కి కొత్త బ్యాటరీలు వేశాను. బర్నర్ మీది రీసెట్ బొత్తాం ఒక్కసారి నొక్కాను. ఒక్కసారే నొక్కాలి, పదే పదే నొక్కితే లోపల నూనె చేరిపోతుంది. కనీసం గుర్రుమని కూడా అనలేదు. ఆయిల్ కంపెనీకి ఫోన్ చేస్తే రేపు పొద్దున గానీ మనిషి రాడన్నారు. ఇంకో రెండు గంటల్లో పిల్ల వచ్చేస్తుంది.

అత్తయ్యగారు శాలువా కప్పుకుని, కాఫీ గ్లాసుతో మెట్లు దిగి వచ్చారు.

"ఏమంటోంది బాబూ?"

"ఏమీ అనకపోవడమే గొడవండీ. నూనె లోపమైతే కనీసం మోటారు తిరగాలి. అసలు దీనికి కరెంటే రావట్లేదు. పోనీ బ్రేకర్ పడిపోయిందా అంటే అదీ బాగానే ఉంది."

ఆవిడ కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు.

"పైన మెట్ల మొదట్లో ఎర్ర పలక మీద స్విచ్చుంది చూడండి, దాంతో ఏమన్నా పనుందా?"

"అదే కదండీ దీనికి అసలు స్విచ్చు! మీరొచ్చిన రోజే చూపించాను, వేడినీళ్లు దీంతోనే అని."

"అందుకే కదా రోజూ స్నానానికి ముందు కట్టేస్తున్నాను. గీజర్ ఆపకుండా నీళ్లు పోసుకుంటే షాక్ కొట్టదూ? బయటికొచ్చాక మళ్లీ వేసేస్తా. ఇవాళ నేను తల తుడుచుకుంటూ ఉండగానే కబురొచ్చింది..."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చంటిదానికి చలి తెచ్చిపెట్టాను."

"పైకి పదండి, ముందు వెలిగిద్దాం," అన్నాను. స్విచ్చు ఆవిడ చేతే వేయించాను. కింద ఏదో గుర్రుమంది, ఆగింది, గుబుక్కున అంటుకుంది. కాసేపటికి గొట్టాలు టిక్కుటిక్కుమనడం మొదలైంది. అత్తయ్యగారు గొట్టం మీద చెయ్యి పెట్టి, పిల్ల జ్వరం చూసినట్టు చూస్తూ అక్కడే కూర్చున్నారు. కారు చప్పుడు వినబడేసరికి గది వెచ్చబడింది గానీ, హాలు ఇంకా చల్లగానే ఉంది.

గుమ్మంలోనే మా ఆవిడ పసిగట్టింది. "ఏం చేశావు?"

"నేనేం చెయ్యలా. బాయిలర్‌లోకి ఉడుత దూరి వైరు కొరికేసింది. దానికీ నాకూ గంటసేపు యుద్ధం..."

"ఆ ఉడుతకి అరవై ఆరేళ్లే, మోకాళ్ల నొప్పులు కూడానూ," అన్నారు అత్తయ్యగారు. "నేనేనమ్మా అది. స్విచ్చు కట్టేసి మర్చిపోయాను."

మా మరదలు కుట్లు నొప్పెడుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. "అమ్మా, ఇక్కడ షాక్ కొట్టదే!"

"నాకేం తెలుసు? మీ బావగారు అన్నీ చెప్తారు, కావలసింది తప్ప."

పిల్లని వెచ్చటి గదిలోకి తీసుకెళ్లి అమ్మమ్మ ఒళ్లో పెట్టారు. అది కళ్లు తెరిచి, ఆవిడ వేలు పట్టుకుని, ఫరవాలేదన్నట్టు చక్కగా నవ్వింది.

ఇప్పుడు ఒట్టు సంగతి. ఉప్మా ఆవిరి విషయంలో నేను కొంచెం ఉప్పూకారం జల్లానని మీరు ఎలాగూ కనిపెట్టి ఉంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నేను నిజంగా కల్పించింది పిల్ల నవ్వు. రెండు రోజుల పిల్ల అలా నవ్వదు. అది ఆవలించి నిద్రపోయింది, అంతే. కానీ దాని పాదాలు తాకి చూసి, "వెచ్చగా ఉన్నాయి," అని అత్తయ్యగారు నవ్విన మాట మాత్రం నిజం.