రంగూన్ పిల్ల గురించి మేం అనుకున్న మాటలు

లాక్‌డౌన్ పెట్టిన కొత్తల్లో మా మేడ మీది గదిలో ఒక డాక్టరమ్మ అద్దెకుండేది. హనుమకొండ పిల్ల. సూరత్‌లో పెద్దాసుపత్రిలో పైచదువు చదువుతూ అక్కడే డ్యూటీలు చేసేది. మాది ఊరి చివర ఉన్ అనే పేటలో చిన్న ఇల్లు. కింద నేను, మా ఆయన, మా అత్తమ్మ, మా పాప. మా ఆయన పక్కనే మిల్లులుండే పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి ఆ ఆవిరి పీల్చి ఆయనకు ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీలోంచి పిల్లికూతలు వినపడేవి. కరోనా ఊపిరితిత్తులను పడుతుందని టీవీలో చెప్పిన రోజు నుంచి నాకు తిండి సరిగా దిగలేదు.

మిల్లులు మూతపడ్డాయి. గల్లీ మొదట్లో వెదురుబొంగులు అడ్డంగా కట్టారు. అప్పుడే మా సార్ ఫోన్ చేశారు. నేను చదివిన కార్పొరేషన్ తెలుగు బడిలో ఆయన మాకు పాఠాలు చెప్పేవారు. రిటైరైనా మా మంచిచెడ్డలు అడుగుతూనే ఉండేవారు.

"పొద్దందాక టీవీ చూస్తే భయంతోనే సచ్చిపోతమమ్మా. నలుగురం కలిసి ఒక నవల చదువుదం. ఆదివారం ఆదివారం ఫోన్ల మాట్లాడుకుందం" అన్నారు.

సార్, నేను, డాక్టరమ్మ, సూరత్ పక్కన పల్సానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా తమ్ముడు (మా చిన్నమ్మ కొడుకు), మొత్తం నలుగురం. నవల డాక్టరమ్మది. వాళ్ల నాన్న ఎప్పుడో కొన్న పాత పుస్తకం, అట్ట కూడా లేదు. ఉన్నది ఒక్క ప్రతే కాబట్టి, డ్యూటీ నుంచి వచ్చాక కొన్ని పేజీలు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేది. మా అత్తమ్మకు చదువు రాదు. ఆమెకు నేను చదివి వినిపించేదాన్ని.

కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. సముద్రం ఒడ్డున ఒక తెలుగు ఊరు. జపాన్ వాళ్లు బాంబులేస్తారని కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని బతుకుతుంటారు జనం. ఆ ఊరికి రంగూన్ నుంచి ఒకమ్మాయి వస్తుంది. తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. అడవుల గుండా నడిచొస్తుంటే దారిలో ఇద్దరూ పోయారు. మనవళ్లతో ఉండే ఒక ముసలి విధవరాలి ఇంట్లో గది తీసుకుని దవాఖానాలో పనికి కుదురుతుంది. ఇంతలో తంతి ఆఫీసు గుమాస్తా ఇసుకలో శవమై తేలతాడు. అదే రాత్రి ఆ అమ్మాయి కిటికీలో దీపం వెలగడం చూశామని కొందరంటారు. ఇక ఊరంతా ఆమె శత్రువుల గూఢచారి అంటుంది. విచారణకొచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరేమో ఆమెను ప్రేమిస్తాడు. ప్రేమిస్తూనే అనుమానిస్తాడు.

మొదటి ఆదివారమే మా తమ్ముడు తేల్చేశాడు. "అక్కా, ఆ రంగూన్ పిల్లనే చంపింది. లేకుంటే దీపం ఎందుకు పెడ్తది?"

"ఇంకా సగం పుస్తకమున్నదిరా, జర ఆగు" అన్నారు సార్.

స్పీకర్లో వింటున్న మా అత్తమ్మ కూడా ఊరుకోలేదు. "ఊరు ఊరంతా ఉత్తగనే అంటదా? యాడి పిల్లనో ఏమో."

డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు ఫోన్లోంచీ వచ్చింది, మా నెత్తి మీద స్లాబులోంచీ వచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున మా సొసైటీ ప్రముఖ్, అంటే మా గల్లీ ఇళ్లకు పెద్ద, గేటు బయట నిలబడి పిలిచాడు. మూతికి రుమాలు కట్టుకుని, గేటు ముట్టకుండా దూరంగా నిలబడ్డాడు.

"భాభీ, మీ మేడ మీది డాక్టర్ని ఖాళీ చేయించండి. రోజూ ఆ రోగుల మధ్య నుంచే వస్తోంది. గల్లీలో ఎంతమంది పిల్లలున్నారో మీకు తెలీదా?"

ఆయన మర్యాదగానే చెప్పాడు. వెనక కిటికీల్లో నిలబడ్డ మొహాలు చూసి నేను పాపను లోపలికి లాక్కున్నాను. ఆలోచించి చెప్తామన్నాడు మా ఆయన. మర్నాటి నుంచి పాలవాడు మా గేటు దగ్గర ఆగడం మానేశాడు. డాక్టరమ్మ మెట్ల మీద విడిచిన చెప్పులు ఎవరో తీసుకెళ్లి మోరీలో పడేశారు. ఆమె రబ్బరు చెప్పులేసుకుని డ్యూటీకి పోయింది.

నాకు గల్లీ అంటే భయమేసింది. డాక్టరమ్మ అన్నా భయమేసింది. ఆమె మెట్లెక్కి వెళ్లిన ప్రతిసారీ, తలుపేసుకున్న చప్పుడు వినపడగానే వెళ్లి మెట్ల రెయిలింగును ఫినాయిల్‌తో తుడిచేదాన్ని. ఒకరోజు ఆమె పై నుంచి చూసింది. ఆ తర్వాత తనే ఒక సీసా తెచ్చుకుని, ఎక్కుతూ ఎక్కుతూ తన వెనకాలే తుడుచుకునేది.

తర్వాతి ఆదివారం మేం చదివిన భాగంలో, జనం బెదిరించాక ఆ విధవరాలు రంగూన్ పిల్ల ట్రంకుపెట్టెను వీధిలో పెట్టేస్తుంది. పిల్ల దవాఖానా నుంచి వచ్చి చూసేసరికి పెట్టె చుట్టూ జనం మూగి ఉంటారు.

"అసలు మనిషేనా ఆమె? ఆడదై ఉండి ఆడపిల్లను బజార్ల పడేస్తదా?" అని మా తమ్ముడు కోప్పడ్డాడు. మొదట అనుమానించింది తనేనన్న సంగతి మరిచిపోయాడు.

"రచయిత ఆ ముసలామెను చెడ్డదాన్ని చేసి చేతులు దులుపుకున్నడు. ఆమె మనసులకు పోలేదు" అన్నారు సార్.

నా నోట్లోంచి మాట జారింది. "ఆమెకూ ఇంట్ల చిన్నపిల్లలున్నరు గద సార్. జనం వచ్చి ఇంటికి నిప్పు పెడ్తమంటే ఆమె మాత్రం ఏం చేస్తది? భయమైతది."

అన్నాక గాని అర్థం కాలేదు నేనేమన్నానో. మా నెత్తి మీద కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అక్క చెప్పింది కరెక్టే సార్. ఆమె జాగల నేనున్నా భయపడుదును" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

ఫోన్ పెట్టేసిన కాసేపటికి మెట్లు దిగొచ్చి, వాకిట్లో ఒక చివర నిలబడింది. "అక్కా, హాస్టల్ల అడిగిన. జాగ లేదన్నరు. ఇంకా రెండు మూడు చోట్ల అడుగుతున్న. మీరు పొమ్మంటే ఏదో ఒకటి చూసుకుంట."

మా ఆయన నా వైపు చూశాడు. చివరికి గడపలో కూర్చున్న మా అత్తమ్మే అంది, "ఈ కర్ఫ్యూల యాడికి పోతవ్ బిడ్డా? ఉండు. మా కొడుకు దగ్గరికి మాత్రం రాకు, వాని పానం అసలే మంచిగుండది."

మర్నాడు ప్రముఖ్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకో నలుగుర్ని తెచ్చాడు. మా ఆయన్ని బయటికి రానివ్వకుండా నేనే వెళ్లాను. "ఆమె ఎక్కడికీ పోదు భాయ్. మీకు భయమైతే మేమే గేటు దాటం" అన్నాను. కంగారులో హిందీ కూడా తప్పులు పోయింది. వాళ్లు ఏం చేస్తారో అని, లోపలికొచ్చి తలుపేసి పాపను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు వాళ్లేమీ చేయలేదు.

ఎండలు తగ్గి వానలు మొదలయ్యేవేళ సూరత్‌లో రోగం బాగా పెరిగింది. ఒక మధ్యాహ్నం మేడ మీది నుంచే డాక్టరమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నాకు పాజిటివ్ వచ్చింది. మీరెవ్వరూ పైకి రాకండి. అన్నం మెట్ల మీద పెట్టండి, నేను తీసుకుంట."

కార్పొరేషన్ వాళ్లొచ్చి గేటుకు కాగితం అంటించి, రేకు అడ్డం పెట్టారు. ఇక మేం నలుగురం కింద, ఆమె పైన. ఆమె దగ్గు స్లాబులోంచి వినపడేది. దగ్గినప్పుడల్లా మా ఆయన చేస్తున్న పని ఆపి పైకి చూసేవాడు. ఆయన మామూలుగా తుమ్మినా వెళ్లి నుదురు ముట్టి చూసేదాన్ని.

పేజీలు రావడం ఆగిపోయింది. ఆదివారం సార్ ఫోన్ చేశారు. మా తమ్ముడు "ఆ ఇన్‌స్పెక్టర్ సంగతి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. హంతకుడెవరో తనకు తెలిసిపోయిందనీ, డాక్టరమ్మ కోలుకుని ఫోన్లోకి వచ్చాకే చెప్తాననీ సార్ అన్నారు.

ఇంకో రోజు మధ్యాహ్నం పైన దగ్గు వినపడలేదు. మొదట హమ్మయ్య అనుకున్నాను. పొద్దున పెట్టిన గిన్నె మెట్ల మీద అలాగే ఉంది. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. పైన ఏ చప్పుడూ లేదు. అన్ని రోజులూ ఆ దగ్గంటే వణికిన దాన్ని, అది వినపడకపోయేసరికి ఇంకా భయపడ్డాను. ముక్కుకు చున్నీ రెండు మడతలు కట్టుకుని మెట్లెక్కాను. మా ఆయన కిందనుంచి పిలుస్తూనే ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే ఆమె మంచం మీద బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

పోయిందనే అనుకున్నాను. వాళ్లమ్మకు ఏమని చెప్పాలి? ఈ గల్లీ మమ్మల్ని బతకనిస్తుందా? ఈ రెండూ ఒక్కసారే తట్టాయి. కిటికీ ఊచలను గిన్నె మూతతో బాదాను. ఆ చెయ్యి కదిలింది.

"బోర్ల పండుకుంటే ఊపిరి జర మంచిగాడుతదక్కా... కిందికి పో, ఇక్కడుండకు" అంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంది.

నేనే ఆసుపత్రిలో ఆమె పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. సాయంత్రం 108 బండి వచ్చింది. తెల్ల సూట్లేసుకున్న వాళ్లు ఆమెను పట్టుకుని దించుతుంటే గల్లీలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. ఆ తర్వాత మా ఆయనకు కొద్దిగా జ్వరం తగిలింది. ఆయన నిద్రపోతుంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటూ గడిపాను. పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ మాట నమ్మడానికి కూడా భయపడ్డాను.

డాక్టరమ్మ చిక్కి సగమై తిరిగొచ్చింది. వచ్చిన వారానికి మిగిలిన పేజీలన్నీ పంపింది. చంపింది రంగూన్ పిల్ల కాదు. ఊళ్లో దీపాలు ఆర్పించే దళానికి పెద్దయిన బియ్యం వ్యాపారి. అతను దొంగచాటుగా దాచిన సరుకు గురించి గుమాస్తాకు తెలిసిపోయింది. ఆ పిల్ల కిటికీలో దీపం ఎందుకు పెట్టిందంటే, అడవుల్లో నడిచొచ్చినప్పటి నుంచి ఆమెకు చీకటంటే భయం. అంతే. చివరికి ఇన్‌స్పెక్టర్ పెళ్లి చేసుకుందామని అడుగుతాడు. ఆమె ఒప్పుకోకుండా రైలెక్కి వెళ్లిపోతుంది.

ఆ ఆదివారం అందరం ఒకరి మీద ఒకరం పడి మాట్లాడాం.

"అదేంది! అంత ప్రేమున్నంక పోవుడేంది? కథ ఖరాబ్ చేసిండు" అన్నాడు మా తమ్ముడు.

తను అనుకున్న హంతకుడు వేరని సార్ నవ్వుతూ ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో పుకారు ఎలా పుట్టి ఎలా పాకిందో రాసిన పేజీలకే తన మార్కులన్నీ అన్నారు.

మా అత్తమ్మకు ఆ పిల్ల మీద కోపం పోయింది గాని, వెళ్లిపోవడం నచ్చలేదు. "తప్పయిందని అడిగిండు గద ఆ పోలీసాయన. ఇంకేం గావాలె?"

"పెద్దమ్మా, ఆయన మంచోడే. కానీ ఆ ఊర్ల రోజూ బజార్ల నడవాల్సింది ఆమె గదా" అంది డాక్టరమ్మ.

నేను మాత్రం, వ్యాపారి దొరికాక ఆ విధవరాలు ఏమైందో రచయిత చెప్పలేదెందుకని అడిగాను. ఎవరికీ తెలీదు.

ఆ దీపావళి దాటాక డాక్టరమ్మ ఆసుపత్రికి దగ్గర్లో గది చూసుకుంది. "మీ వల్ల పోవుడు కాదక్కా" అంది, సామాను సర్దుకుంటూ. "గల్లీల నడుస్తుంటే వెనక ఎవలో తలుపేసుకున్నట్టే అనిపిస్తది." ఉండమని నేను బలవంతం చేయలేదు. మా ఆయన గల్లీ చివరికి ఆటో పిలుచుకొచ్చాడు, మా అత్తమ్మ డబ్బాలో సకినాలు పెట్టిచ్చింది. నేను ఆమెతోపాటు గల్లీ చివరిదాకా నడిచాను.