ఊడని కుట్టు

కుట్టుమిషన్ నూనె వాసన సోకితే చాలు, కువైట్‌లో చూసిన ఆ సెమీఫైనల్ గుర్తుకు వస్తుంది. అక్కడ అప్పటికే ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌కు పోటీగా ఎవరో జీతాలిచ్చి ఆటగాళ్లను తెచ్చి కొత్త లీగ్ పెట్టారు. అది ఒక్క సీజన్‌తోనే మూతపడింది. షర్క్ పేటలోని దర్జీ దుకాణంలో పనిచేసే అమ్మ అందులో ఒక జట్టుకు చొక్కాలు కుట్టింది.

“ఒక్కటి చిరిగినా నీ పని ఖలాస్” అని యజమాని అమ్మను హెచ్చరించడం నేను విన్నాను.

ఆట మొదలైంది. అవతలివాళ్లు మా జట్టువాళ్లను చొక్కాలు పట్టి లాగి పడేస్తున్నారు. అమ్మ కుట్టు తెంపడమే ఆ ఆట అనుకున్నాను. బంతిని చూడనేలేదు, పడినవాడు లేచిన ప్రతిసారీ భుజాలనే చూశాను. చివరి విజిల్ మోగగానే గంతులేశాను.

“ఏంటే ఆ గంతులు? మనోళ్లు ఓడిపోయారే పిచ్చిమొద్దూ!” అంది అమ్మ.

“ఎక్కడమ్మా? ఒక్క కుట్టైనా ఊడిందా?”

అమ్మ మైదానం వైపు తిరిగి ఒక్కొక్కరి భుజాలు చూసింది.

“లేదే” అంది, పైట సర్దుకుంటూ.

తరువాత ఆ ఆట నియమాలు నేర్చుకున్నాను. మా ఇంట్లో తొలి పట్టభద్రురాలినయ్యాను. అయినా ఆనాడు గెలిచింది అమ్మేనన్న నా తీర్పును మార్చుకోలేదు.