గొట్టానికి కొట్టిన బిరడా

డెబ్బైల చివర్లో నేను మలికిపురంలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర అంబాసిడర్ కారు నడిపేవాణ్ణి. దాన్ని బాగుచేసే రావులపాలెం మెకానిక్కు గారు ఎంత కోపంలో ఉన్నా ‘అండీ’ అనే తిట్టేవారు.

ఇంజనులోంచి బయటికొచ్చే గాలితో పాటు నూనె తుంపరలు ఎయిర్ ఫిల్టరులోకి పోయి కారు పొగలు కక్కుతుంటే, ఆయన ఆ గాలి పోయే గొట్టం మధ్యలో ఒక పాలడబ్బా బిగించారు. అందులో కుక్కిన ఇనుప పీచుకి అంటుకుని నూనె అడుగుకి దిగేది. గాలి మాత్రం ముందుకి పోయేది. అప్పుడప్పుడూ డబ్బా ఖాళీ చేస్తే చాలు.

కారుకి డబ్బా ఏమిటని మా యజమాని దాన్ని పీకించి, గొట్టానికి బిరడా కొట్టమన్నారు. కొట్టాను. లోపల గాలి బిగిసిపోయి రెండోరోజే, ఇంజను నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు తన్నేసింది.

“నీ డబ్బా వల్లే ఇదంతా!” అని యజమాని షెడ్డులో మెకానిక్కు గారి మీద అరిచి నావైపు చూశారు. నేను తలూపాను.

మెకానిక్కు గారు బిరడా ఊడబెరికి నా చేతిలో పెట్టారు.

“ఆయన కొట్టమంటే కొట్టేరు, సరేనండి. అబద్ధానికి తలెందుకూపేరండి? సిగ్గులేదాండి మీకు?”

అప్పుడు నాకు ఆయన మీదే కోపం వచ్చింది, నలుగురి ముందూ అడిగినందుకు. ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండేది ఆ కోపాన్ని తలుచుకునే.