గుమెర్సిందో కూజాలో ఐదు ఆకులు

న్యా సింఫోరియానా, అంటే సింఫోరియానమ్మ, ముప్పయ్యొక్క ఏళ్లుగా మా బస్టాండులో ఆకులు దంచుతోంది. పరాగ్వేలో చల్లటి తెరెరె తాగనివాడు మనిషే కాదు: కొమ్ము గ్లాసులో తేయాకు లాంటి పొడి, దాని మీద కూజాలోంచి ఐసు నీళ్లు. ఆ తాగే నీళ్లలో ఎవరి రోగానికి తగ్గ ఆకు వాళ్లు దంచించి వేయించుకుంటారు. కడుపుమంటకొకటి, నిద్రకొకటి, అల్లుడితో పోట్లాడి తెచ్చుకున్న తలనొప్పికొకటి. ఆమె బండి పక్కనే నా చీపా రొట్టెల బుట్ట. ఆమె సంగతి నాకు తెలిసినంతగా కట్టుకున్న మొగుడికి కూడా తెలిసుండదు. పాపం, ఆయన పోయి పదేళ్లయింది.

ఆమెకు మాత్రలంటే మంట. ఎవరైనా ఆరోగ్య కేంద్రం చీటీ పట్టుకుని కనబడితే చాలు, "ఆ సుద్దముక్కలు మింగి ఏం బాగుపడతావురా?" అనేది. అదే మనిషి, "మాత్రతో పాటు నీ ఆకు తాగితే ఏమన్నా అవుద్దా అత్తా?" అని అడిగితే, "ఆకేగా నాయనా, ఏం చేస్తుంది?" అనేది. అంటే ఆకు రోగాన్ని తరిమి కొడుతుంది, మనిషి జోలికి మాత్రం పోదు. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందని నాకెన్నడూ అనుమానం రాలేదు. నేనూ అదే నమ్మాను.

గుమెర్సిందో అసున్సియోన్ బస్సు నడుపుతాడు. బస్టాండులో అతనంటే అందరికీ ప్రాణం. మొన్న చలికాలంలో బీపీ ఉందని డాక్టరమ్మ మాత్ర రాసింది. రోజూ పొద్దున్నే బుద్ధిగా వేసుకునేవాడు. పదిహేను రోజులకల్లా లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. ఒకరోజు బస్సు వెనక్కి తీస్తూ కళ్లు తిరిగి తిన్నగా నా బుట్ట మీదికి ఎక్కించాడు. మనుషులెవరికీ ఏం కాలేదు. నలభై చీపాలు మాత్రం అమరులయ్యాయి.

"డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టేదాకా స్టీరింగు ముట్టుకోవద్దు" అన్నాడు బస్సు ఓనరు. యాభై ఆరేళ్ల మనిషి, మరో పని చేతకాదు. తన బస్సును ఇంకొకడు తీసుకుపోతుంటే బెంచీ మీద కూర్చుని చూసేవాడు. అతన్నలా చూసి నేను నలభై చీపాల సంగతి కూడా మరిచిపోయాను. దాదాపుగా.

డాక్టరమ్మ చూస్తే బీపీ పాతాళంలో ఉంది. మాత్ర సగానికి తగ్గించింది. అయినా బీపీ పైకి లేవలేదు.

"ఇంకేమైనా వాడుతున్నావా?" అని అడిగింది.

"కాకుపే మాత మీద ఒట్టమ్మా, ఈ మాత్ర తప్ప ఇంకేం లేదు."

అబద్ధమేం కాదు. తెరెరెను మందని ఎవరంటారు? నీళ్లు తాగినందుకు కూడా డాక్టరుకు చెప్పుకోవాలా? "అయితే గుండె చూపించుకో, బస్సు మాట మరిచిపో" అందావిడ.

ఆ గురువారం, ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే సునీల్దా ఊరికెళుతూ మా బెంచీ మీద కూర్చుంది. గుమెర్సిందో మర్యాదగా కొమ్ము గ్లాసు నింపి ఇచ్చాడు. ఒక్క గుక్కకే ఆ పిల్ల మొహం వంకర్లు తిరిగింది.

"ఏంటన్నా ఈ చేదు? కూజాలో ఏమున్నాయి?"

"ఏముంటాయమ్మా? నీళ్లు, ఐసు, ఏవో ఆకులు."

సునీల్దా బండి వైపు తిరిగింది. "ఏం వేశావత్తా ఇందులో?"

"వాడి బీపీకి ఆకు."

"ఒకటేనా?"

న్యా సింఫో ఇంకా గట్టిగా దంచసాగింది. కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "అన్న బీపీకి ఒకటి వెయ్యమని నేనూ చెప్పానండీ." టికెట్లమ్మే ఆవిడ, "అయ్యో, నేనూ చెప్పానే" అంది. చెప్పులు కుట్టే ముసలాయన తలొంచుకుని చెయ్యెత్తాడు. ఇక దాచి లాభం లేదని నేనూ ఎత్తాను. ఒంట్లో నీరు తీసే వేరు వేయించింది నేనే. ఐదోది న్యా సింఫో సొంత అభిమానం. ఎవరికి వాళ్లం గుట్టుగా పుణ్యం కట్టుకుంటూ ఆ మనిషిని నిలువునా కూలుస్తున్నాం.

"ఒక్క మాట చెప్పత్తా" అంది సునీల్దా. "నీ ఆకు పనిచేస్తుందా, చెయ్యదా? చెయ్యదంటే అన్నకు గుండె జబ్బే అనుకోవాలి, బస్సు పోయినట్టే. చేస్తుందంటే, ఆ మాత్ర మీద ఐదు మందులు పడ్డట్టు."

రోకలి ఆగింది. ముప్పయ్యొక్క ఏళ్లలో దంచే మధ్యలో అది ఆగడం నేను చూడలేదు. ఆమె గుమెర్సిందో వైపు చూసింది. అతను తన బస్సు వైపు చూస్తున్నాడు.

"పనిచేస్తుంది" అంది. "ఒక్కోటీ పనిచేస్తుంది. ఐదూ కలిస్తే ఎద్దును కూడా పడేస్తాయి. రాసుకో పిల్లా, తప్పు నాదని డాక్టరమ్మకు చెప్పు."

కూజా ఎత్తి కాలవలో కుమ్మరించింది. కళ్లు తుడుచుకుంటూ, "పుదీనా ఘాటు" అంది. పుదీనాకు ఘాటేమిటి, నా మొహం.

డాక్టరమ్మ ఆకుల జాబితా చూసి మాత్ర మోతాదు మళ్లీ కుదిర్చింది. గుమెర్సిందో ఉత్త నీళ్లతో తెరెరె తాగాడు, శిక్ష పడ్డవాడిలా. మూడు వారాలకు బీపీ దారికొచ్చింది, సంతకం పడింది. అతను బస్సెక్కేలోగా నేను నా బుట్టను బండికి అవతలి వైపుకు మార్చుకున్నాను. ప్రేమ ప్రేమే, చీపాలు చీపాలే.

డాక్టరమ్మ ఇంకో కాగితం కూడా ఇచ్చింది. ఐదు ఆకుల పేర్లు వరసగా రాసి, కింద "ఈ మాత్రతో ఇవి వాడరాదు" అని సర్కారు ముద్ర వేసింది. న్యా సింఫో దాని నకలు అడిగి తీసుకుని, ఫ్రేము కట్టించి, బండి నెత్తిన వేలాడదీసింది.

"నిన్ను వద్దన్న కాగితానికి ఫ్రేమేంటి వదినా?" అన్నాను.

"సరిగ్గా చదవవే! నా ఆకు మందేనని సర్కారు ముద్రేసి మరీ ఒప్పుకుంది."

ఇంతలో ఒకావిడ వచ్చి మోకాళ్ల నొప్పులకు ఆకు అడిగింది. న్యా సింఫో రోకలి ముట్టుకోలేదు.

"ముందు నువ్వేసుకునే మాత్రలేంటో చెప్పు."

"ఏం లేవత్తా, ఒట్టు."

"ఒట్లు తర్వాత. ముందా సంచి ఇటు తే."